ఎర్ర దారంతో నాలుగక్షరాలు

నేను దర్జీ కూతురిని. నాకు కుట్టు రాదు. ఈ రెండు మాటలూ ఒక్కసారే చెప్పాలంటే చిన్నప్పుడు సిగ్గుపడేదాన్ని, ఇప్పుడు పడను. నాకు కుట్టే వచ్చి ఉంటే నా కొలువు అందరికీ వచ్చినట్టే మామూలుగా వచ్చి ఉండేది, చెప్పుకోవడానికి ఏమీ మిగిలేది కాదు.

మాది నర్మెట్ట. అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. నాలుగో తరగతి దాకా చదివాక నాయిన నన్ను మిషను పక్కన కూర్చోబెట్టి కాజాలు తీసే పని అప్పగించాడు. నేను తీసిన కాజాలో గుండీ దూరడం కష్టం, దూరితే బయటికి రావడం ఇంకా కష్టం. నర్మెట్టలో ఎవరైనా రెండు రోజులు ఒకే చొక్కాతో కనిపిస్తే, అది నేను కాజాలు తీసిన చొక్కా అని వేళాకోళం చేసేవారు.

పోలీసు చర్య అయిపోయి రజాకార్ల పీడ వదిలిన రోజులవి. ఊళ్లలో మిలిట్రీ దిగింది. సంఘం వాళ్లు మాత్రం ఇంకా అడవుల్లో ఉన్నారు. మా వైపు సంఘం అంటే ఒక్కటే సంఘం. దొరల మీద లేచి, వెట్టి మాన్పించి, భూములు పంచి, తుపాకి పట్టిన సంఘం. ఆ మాట పైకి అనాలంటే చుట్టూ ఒకసారి చూసుకుని అనేవారు. అలాంటి రోజుల్లో సర్కారు వారు జనగామలో ఆడపిల్లలకు ఆరు నెలల శిక్షణ పెట్టి, దానికి ఏరికోరి 'సంఘసేవ' అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టినాయన ఎవరో గానీ మా వైపు ఎన్నడూ వచ్చి ఉండడు.

బడి పంతులు నాయినకు ఆ కబురు చెప్పినప్పుడు నేను లోపల అన్నం వారుస్తున్నాను. గంజి చేతి మీద పడినా తెలియలేదు. పోతానని రెండు రోజులు అన్నం మానేసి సాధించాను. చివరికి నాయిన మిషను ఆపి అన్నాడు.

"పో. పాసైతే నీ ఇష్టం. ఫేలైతే నా ఇష్టం."

నాయిన ఇష్టం బచ్చన్నపేటలో ఉండేది. అక్కడ భార్య పోయిన దర్జీ ఒకాయన ఉన్నాడు. ముప్పై ఐదు దాటాయి. ఆయనకు ఇంట్లో కాజాలు తీసే మనిషి కావాలి. నాకు పద్దెనిమిది. ఫేలైతే బతుకంతా కాజాలే.

తెచ్చుకోవలసిన సామానులో ఒక తెల్ల ఖద్దరు సంచీ, ఒక రంగు దారం రీలు ఉన్నాయి. నీలం దారం గిరాకీకి కావాలని నాయిన ఎర్ర రీలు ఇచ్చాడు. మా దుకాణం అరలో ఎర్ర రీళ్లు చాలా ఉండేవి. మిలిట్రీ రాకముందు అవి అన్ని ఎందుకు తెప్పించాడో, ఎవరి కోసం ఏం కుట్టాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మిలిట్రీ వచ్చాక ఎర్ర దారం కావాలని అడిగినవాడు లేడు.

జనగామలో మమ్మల్ని ఉంచింది ఊరొదిలి పట్నం పోయిన ఒక దొర గడీలో. పద్నాలుగు మందిమి. ఒకప్పుడు మా పెద్దలు చెప్పులు చేతబట్టుకుని నిలబడిన ఆ వాకిట్లో మేము తాడాట ఆడుకున్నాం. అద్దాల గదిలో తడి చీరలు ఆరేశాం. అంత నవ్వు ఆ గడీ గోడలు ఎప్పుడూ విని ఉండవు. ఇంటి బయట ఆడవాళ్లు గట్టిగా నవ్వొచ్చునని నాకు అక్కడే తెలిసింది. తెలిశాక మానలేదు.

మాకు నేర్పే ప్రిన్సిపాలమ్మది బెజవాడ వైపు. తెల్ల చీర, కళ్లద్దాలు, చేతిలో గొడుగు. మనిషి మంచిదే గానీ మా మాట ఆవిడ చెవికి పడేది కాదు. మేము 'గిట్ల' అంటే, "ఇట్లా అనడానికి ముందు ఆ గకారం ఎందుకమ్మా, కాపలాకా?" అనేది. పల్లెకు వెళ్లగానే చెప్పవలసిన మొదటి మాట ఒకటి మా అందరిచేతా కంఠతా పట్టించింది. "సోదరీమణులారా, మీ గృహములు పరిశుభ్రముగా ఉన్నవా?" అద్దం ముందు నిలబడి దాన్ని వల్లె వేసేవాళ్లం. మధ్యలో ఒకరు నవ్వితే పద్నాలుగు మందిమీ నవ్వేవాళ్లం.

పసిబిడ్డకు స్నానం చేయించడం సొరకాయ మీద నేర్పారు. ముచ్చిక ఉన్న వైపు తల అనుకోవాలి. నీళ్లు పోసి, మెత్తగా తుడిచి, గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకోవాలి. నేను బిడ్డను రెండుసార్లు కింద వేశాను. మూడోనాడు ఆ బిడ్డను కూర వండుకుని తిన్నాం.

సంచీ దగ్గర మాత్రం నా పరువు పోయింది. దాని మీద 'సంఘసేవ' అని దారంతో కుట్టుకోవాలి. నేను ఉత్సాహంగా పెద్ద పెద్ద అక్షరాలతో మొదలుపెట్టాను. 'సంఘ' అయ్యేసరికి సంచీ అయిపోయింది. చేసేదేమీ లేక 'సేవ'ను వెనక్కి తిప్పి కుట్టాను. దర్జీ కూతురి పనితనం చూడమని ఆ సంచీని పదమూడు మందీ చేతులు మార్చుకుని చూశారు. ప్రిన్సిపాలమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. విప్పి మళ్లీ కుట్టే వ్యవధి లేదు, మర్నాడే ప్రయాణం.

మాకు కాగితం మీద పరీక్ష లేదు. తలా ఒక ఊరికి పోయి మూడు నెలలు పని చేయాలి. ఆఖరి నెలలో ఏదో ఒక రోజు ప్రిన్సిపాలమ్మ చెప్పకుండా వచ్చి ఊళ్లో దిగుతుంది. మా సంఘసేవ పిల్లను ఎరుగుదురా అని ఆడవాళ్లను అడుగుతుంది. పదిమంది ఎరుగుదుమని చెప్పి కాగితం మీద వేలిముద్రలు వేస్తే పాసు. ఎరుగమంటే పెట్టె సర్దుకోవడమే.

నాకు నెల్లికుదురు అవతల ఒక పల్లె వచ్చింది. జనగామలో రైలెక్కి మానుకోటలో దిగాను. కాగితాల మీద మహబూబాబాద్ అని రాసినా అందరికీ అది మానుకోటే. అక్కడి నుంచి ఎడ్లబండి. ఊరి మొదట్లో ఒక అవ్వ వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తోంది. భారీ మనిషి. ఆ ఊరి మంత్రసాని ఆమేనని తర్వాత తెలిసింది. నేను పెట్టె దింపుకుని, ఊపిరి తీసుకుని, మీ గృహములు పరిశుభ్రముగా ఉన్నవా అని అడిగాను.

అవ్వ నన్ను కిందికీ మీదికీ చూసి నిట్టూర్చింది. "గ్రహాలు బాగలేవు బిడ్డా. మూడేండ్ల సంది గిట్లనే ఉన్నది" అంది.

నేను ఆ మాట ఇంకోసారి అప్పజెప్పబోయాను. ఇంతలో ఆమె చూపు నా సంచీ మీద పడింది. దగ్గరికి వచ్చి, మొదటి అక్షరం మీద వేలు పెట్టి, పక్కనున్న సున్నను తడిమి, రెండో అక్షరం మీదికి వేలు జరిపింది. పెదవులు కదిలాయి. సంఘం వాళ్లు ఆ ఊరి గొడ్లకొట్టంలో నడిపిన రాత్రిబడిలో అవ్వ చదవడం నేర్చుకున్న మొట్టమొదటి మాట అది. ఆ తర్వాత బడి ఆగిపోయింది గనుక ఆఖరి మాట కూడా అదే.

అప్పుడే రోడ్డు మీద మిలిట్రీ లారీ చప్పుడు వినిపించింది. అవ్వ ఒక చేత్తో నన్ను, ఇంకో చేత్తో నా పెట్టెను పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. లోపలి గదిలో వెదురుతో అల్లి పేడతో అలికిన ధాన్యం గుమ్మి మనిషెత్తున ఉంది. ఏం జరుగుతోందో తెలిసేలోపు నేను దాని లోపల ఉన్నాను. జొన్నలు మోకాళ్ల దాకా వచ్చాయి. పైన చాట మూసింది. నా సంఘసేవ ఆ గుమ్మిలో, తుమ్ములతో మొదలైంది.

లారీ పోయాక బయటికి వచ్చి, నేను సంఘం మనిషిని కాదని చెప్పాను. సర్కారు పంపితే వచ్చినదాన్ని అన్నాను. అవ్వ మెల్లగా తల ఊపింది.

"సంఘపోళ్లు ఎవ్వలన్న సంఘపోళ్లమని చెప్పుకుంటరా? నువ్వేం చెప్పకు. మాకెర్క."

ఎంత కాదంటే అంత గట్టిగా నమ్మారు. నన్ను అవ్వ తన ఇంట్లోనే పెట్టుకుంది. నీళ్లు కాచి తాగమంటే సంఘం చెప్పిందని కాచుకున్నారు. పిల్లల కళ్లు ఉప్పునీళ్లతో కడగమంటే వరుసలో నిలబెట్టి కడిగించారు. దేవుడమ్మ అనే మశూచికి టీకాలు వేసే మనిషి వస్తే ఎప్పుడూ జొన్నచేలో దాక్కునేవాళ్లు, ఈసారి రవికె చేతులు మడుచుకుని వాళ్లే వచ్చారు. నేను జనగామకు రాసిన ఉత్తరాల్లో పనంతా బ్రహ్మాండంగా సాగుతోందని ఉండేది. అది నిజం కూడా. కానీ వాళ్లు ఇచ్చే జొన్నరొట్టె సగం తిని సగం పిల్లలకు పెట్టేసేదాన్ని. ఆ ప్రేమ నాది కాదు. అడవిలో ఆకలితో ఉన్న ఎవరిదో.

నెల రోజులు ఓర్చుకుని ఒకనాడు ఆడవాళ్లందరూ ఉండగా సంచీ భుజం మీది నుంచి తీసి వెనక్కి తిప్పి చూపించాను. ఆ వైపు ఎప్పుడూ నా నడుముకే ఆని ఉండేది గనుక ఎవరూ చూడలేదు. సర్కారు ముద్ర ఉన్న కాగితం కూడా తీసి పరిచాను. ఒక్కొక్కరే లేచి కొంగు దులుపుకుని వెళ్లిపోయారు.

నాలుగు రోజులు నాతో ఎవరూ మాట్లాడలేదు. అవ్వ రొట్టె పెట్టేది, మొహం చూసేది కాదు. నేను బచ్చన్నపేట దర్జీ కళ్లు ఎలా ఉంటాయో, చెవులు ఎలా ఉంటాయో ఊహించుకుంటూ గడిపాను. అయిదోనాడు పొద్దెక్కాక ఒక పిల్లకు నొప్పులు వస్తున్నాయని కబురొచ్చింది. అవ్వ గడప దాకా పోయి ఆగి, నావైపు తిరక్కుండానే అంది.

"సర్కారుదానివైతే ఏంది. నీ సబ్బు పట్టుకొని నడువు."

బొడ్డు కోసే కొడవలిని నేను మరిగే నీళ్లలో వేస్తే, అవ్వ అడ్డు చెప్పలేదు. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. అవ్వ బిడ్డను తుడిచి నా చేతుల్లో పెట్టింది. సొరకాయ కంటే తేలిక, సొరకాయ కంటే వేడి, పైగా ఏడుస్తోంది. ఈసారి కింద వేయలేదు. నేనూ ఏడ్చాను, దానికంటే గట్టిగా. అవ్వ ఇద్దరినీ చూసి, వీళ్లలో పసిబిడ్డ ఎవరని అందరినీ అడిగింది. ఆనాటి నుంచి ఆ ఊళ్లో నేను 'మా పిల్ల'నయ్యాను.

మూడో నెలలో అవ్వా, ఇంకొందరూ, నేనూ నెల్లికుదురు అంగడికి పోయాం. ఒక పోలీసు నా సంచీ పట్టుకుని ఎర్ర అక్షరాలు చదివాడు. నేను తిప్పి వెనక వైపు చూపించాను, కాగితం చూపించాను. వదిలేశాడు. కానీ పోతూ పోతూ పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. నేను ఆ సంగతి అంగడిలోనే మరిచిపోయాను. అవ్వ మరిచిపోలేదు.

వారం తర్వాత నేను పొయ్యి ముందు కూర్చుని ఉండగా ఊరి బయట జీపు చప్పుడైంది. చూసి వచ్చినామె ముందు ఇద్దరు పోలీసులున్నారని చెప్పింది. అవ్వ మారు మాట లేకుండా నన్ను ఎత్తి గుమ్మిలో దింపింది. నేను సర్కారు మనిషినే కదా అవ్వా అని మొత్తుకున్నాను.

"నువ్వు సర్కారుదానివని మాకెర్క. ఆళ్లకెర్కనా?" అని పైన చాట మూసి, చాట మీద తిరగలి రాయి పెట్టింది.

లోపలి నుంచి విన్నాను. వాకిట్లో బూట్ల చప్పుడు. దాని వెనక, నేను కలలో కూడా గుర్తుపట్టే గొంతు. "అమ్మా, ఈ ఊళ్లో మా సంఘసేవ పిల్ల ఉండాలి. ఎరుగుదురా?"

అవ్వ గొంతు మహా అమాయకంగా పలికింది. సంఘం లేదు, గింఘం లేదు, గసుంటోళ్లను మేం ఎన్నడూ చూడలేదు అంది. వెనక నుంచి ఇంకొకామె తన బిడ్డ మీద ఒట్టు పెట్టింది. ఆ బిడ్డ నా చేతుల్లో పుట్టిన బిడ్డే. నేను గుమ్మి లోపల్నుంచి అరిచాను. జొన్నలు, పేడ, వెదురు కలిసి నా అరుపును మింగేశాయి. అయినా అవ్వకు అనుమానం వచ్చినట్టుంది, రోలు ముందేసుకుని ఎండుమిరపకాయలు దంచడం మొదలుపెట్టింది. రోకలి చప్పుడు ఒక వైపు, ఘాటు ఒక వైపు. పోలీసులు దగ్గుకుంటూ బయటికి పోయారు. ప్రిన్సిపాలమ్మ దగ్గుతూనే ఇంకో నాలుగిళ్లు తిరిగింది. అన్ని ఇళ్లలో ఒకటే జవాబు. ఊరు ఊరంతా ఒక్క మాట మీద నిలబడి నన్ను ఫేలు చేసింది.

జీపు పోయాక చాట తీశారు. ముక్కు, కళ్లు కారిపోతూ, ఒళ్లంతా జొన్నపొట్టుతో బయటికి వచ్చాను. అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి. గండం గడిచిందని ఒకామె నాకు దిష్టి తీయబోయింది. వచ్చింది ఎవరో, ఎందుకొచ్చిందో, పోలీసులు ఆవిడకు కాపలా మాత్రమేనని, నాయిన ఏమన్నాడో, బచ్చన్నపేటలో ఏముందో అన్నీ చెప్పాను. చెప్తుంటే నాకు నవ్వు వచ్చింది, ఆ వెంటనే ఏడుపు కూడా వచ్చింది. అవ్వ రోకలి పక్కన పెట్టి, కొంగు దోపుకుని పక్కింటి వైపు నడిచింది.

మర్నాడు కోడి కూయగానే అవ్వ నన్ను లేపింది. వాకిట్లో ఎడ్లబండి ఉంది. బండిలో, బండి పక్కన, అవ్వ కాక పదకొండు మంది ఆడవాళ్లు. ఒకామె ఒళ్లో పసిబిడ్డ. ప్రిన్సిపాలమ్మ రాత్రికి బంగళాలో ఆగి మర్నాడు మధ్యాహ్నం రైలుకు పోతానని వాకిట్లో పోలీసులతో అనడం గుమ్మిలోంచి విన్నాను. ఆ లోపల మానుకోట సర్కారు బంగళా చేరాలి. సర్కారు పేరు వింటే చేలోకి పరిగెత్తే ఆడవాళ్లు ఆ పొద్దున పాటలు పాడుకుంటూ సర్కారు బంగళాకు బయల్దేరారు. నా బతుకులో అంత మంచి ప్రయాణం మళ్లీ చేయలేదు.

ప్రిన్సిపాలమ్మ పక్కబట్టల హోల్డాలు కట్టించుకుంటోంది. నన్ను చూసి, నా వెనకాల ఉన్న గుంపును చూసి, కళ్లద్దాలు సవరించుకుంది. గుమ్మం దగ్గర నిన్నటి పోలీసులు ఇద్దరూ ఉన్నారు. అవ్వ వాళ్ల మధ్య నుంచే నడిచి పోయి ఆవిడ ముందు నిలబడింది.

"నిన్న అబద్ధమాడినం. పిల్ల మా గుమ్మిల ఉండె."

"ఎందుకు దాచారమ్మా?" అని అడిగింది ప్రిన్సిపాలమ్మ.

"పోలీసులొస్తే పిల్లల్ని దాస్తం గద. ఇచ్చిపెడ్తమా?"

ప్రిన్సిపాలమ్మ హోల్డాలు విప్పించి లోపల్నుంచి కాగితం తీసింది. పదకొండు మందీ వరుసగా వేలిముద్రలు వేశారు. అవ్వ దగ్గరికి సిరాదిమ్మ తెస్తే చేయి వెనక్కి తీసుకుంది. నాకు దస్కత్ వస్తది అంది. కలం పిడికిట్లో పట్టుకుని, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, కాగితం మీద సగం జాగా ఆక్రమించేంత పెద్దగా, తనకు వచ్చిన ఒకే ఒక్క మాట రాసింది. 'సంఘ'.

గుమ్మం దగ్గరున్న పోలీసు మెడ చాచి చూశాడు. ఆ రోజుల్లో ఆ మాట కాగితం మీద దొరికితే ఏమవుతుందో ఆ గదిలో అందరికీ తెలుసు. నాకు పాసూ ఫేలూ గుర్తు లేవు, అవ్వను ఎక్కడ దాచాలా అని చూశాను.

ప్రిన్సిపాలమ్మ తొందరపడకుండా అవ్వ చేతిలోంచి కలం తీసుకుంది. అవ్వ అక్షరాలంత పెద్దగా, వాటి పక్కనే, అదే వరుసలో 'సేవ' అని రాసింది. కాగితం ఎత్తి పోలీసుకు కనిపించేట్టు ఆరబెట్టింది.

"గిట్ల ఉండాలి" అంది.

తన నోట ఏ మాట వచ్చిందో ఆవిడకు తెలుసో తెలియదో. మేము నవ్వు ఆపుకోలేకపోయాం. ఆవిడా నవ్వింది.

నాకు భూపాలపల్లి వైపు అడవి పల్లెల్లో కొలువిచ్చారు. పోయేముందు నర్మెట్టకు పోయాను. నాయిన ఆర్డరు కాగితం చదివి బచ్చన్నపేట ఊసెత్తలేదు. నా సంచీ మాత్రం అడిగి తీసుకున్నాడు. ముందు వైపు చూశాడు, వెనక వైపు చూశాడు, ఒక్కో కుట్టూ గోటితో లాగి చూశాడు.

"దర్జీ బిడ్డనని ఎవ్వలకు చెప్పకు" అన్నాడు. తర్వాత లేచి, అరలోంచి రెండు ఎర్ర దారం రీళ్లు తీసి సంచీ అడుగున పెట్టాడు.